ఆలస్యమైతే అడిగేవాళ్ళు లేని ఇంట్లో

ఈసారి ఉత్తరం గుంటూరు నుంచి వచ్చింది. గీతల కాగితం మీద పదకొండు పేజీలు. ఎక్కడా కొట్టివేత లేని గుమాస్తా దస్తూరీ. రాసినాయన వయసు 51. మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో ఇరవై ఆరేళ్ళుగా లెక్కలు రాస్తున్నారు. పేరూ వీధీ బయటికి రాకూడదన్నారు కాబట్టి కొన్ని ఆనవాళ్ళు మార్చి, ఆయన చెప్పిందాన్ని కుదించి చెబుతున్నాను.

2021 ఏప్రిల్. సీజను జోరు మీదుంది, కొట్టు మానడానికి వీల్లేదు. నెలాఖరుకు ముందు ఆయనకే జ్వరం వచ్చి నాలుగు రోజుల్లో తగ్గిపోయింది. తర్వాత భార్యకు, ఆ వెంటనే పంతొమ్మిదేళ్ళ కూతురికి. మంచం కోసం తిరిగారు, ఆక్సిజన్ కోసం తిరిగారు. మే రెండో వారంలో భార్య పోయింది. అయిదు రోజుల తర్వాత కూతురు. ఇద్దరి ముఖాలూ చూడనివ్వలేదు. దూరం నుంచి దండం పెట్టి వచ్చేశారు. ఇంట్లో ఆయనా, ఆయన తల్లీ మిగిలారు. రెండేళ్ళకు పైగా అమ్మకు వండిపెట్టారు, మందులు చూశారు. 2023 చివర్లో ఆవిడా వెళ్ళిపోయింది. “అమ్మ పోయిన రోజు ఏడుపు రాలేదండీ. మర్నాడు సాయంత్రం ఆరింటికి, ఆవిడకి మాత్ర ఇచ్చే టైముకి, అలవాటుగా డబ్బా మూత తీశాను. ఎవరికివ్వాలి? అప్పుడొచ్చింది.”

యార్డు నుంచి వచ్చేసరికి ఒంటినిండా మిర్చి ఘాటు. భార్య ఉన్న రోజుల్లో చొక్కా వరండాలోనే విప్పాలి, పంపు దగ్గర కాళ్ళూ చేతులూ కడుక్కున్నాకే గుమ్మం ఎక్కాలి. పొరపాటున అలాగే వచ్చేస్తే కూతురు లోపలి గదిలోంచే తుమ్మేది. “ఇప్పుడు ఆ చొక్కాతోనే మంచమెక్కుతున్నాను. తుమ్మేవాళ్ళు లేరు.”

కూతురి ఫోన్ నంబరుకు ఇప్పటికీ రీచార్జ్ చేయిస్తున్నారు, ఆపితే ఆ నంబరు ఇంకెవరికో ఇచ్చేస్తారని. తెలిసిన షాపు కుర్రాడు ఒకసారి అదోలా చూశాడట, అప్పటి నుంచి వేరే వీధికి వెళ్తున్నారు. కొవిడ్ మరణానికి యాభై వేల చొప్పున ప్రభుత్వం ఇచ్చిన లక్ష రూపాయలు విడిగా ఒక ఖాతాలో ఉన్నాయి. ముట్టుకుంటే వాళ్ళని అమ్ముకున్నట్టుంటుందట.

చుట్టూ ఉన్నవాళ్ళు తలా ఒక మాట చెబుతున్నారు. హైదరాబాదులో ఉన్న అక్క, ఇల్లు అమ్మేసి వచ్చెయ్యమంటోంది. బావమరిది, అంటే పోయినావిడ సొంత తమ్ముడు, తెనాలిలో సంబంధం చూశాడు: భర్త పోయిన ఆవిడ, పద్నాలుగేళ్ళ కొడుకున్నాడు. కొట్టు యజమాని కాశీకి వెళ్ళిరమ్మంటాడు. ఇంకొకాయన ఒక ఆడపిల్లను పెంచుకోమన్నాడు. మరెవరో దుఃఖానికి అయిదు మెట్లుంటాయని వాట్సాప్‌లో పంపారు. తాను ఏ మెట్టు మీదున్నారో నన్ను అడిగారు.

మొన్న దసరాకి ముందు, ఒక రైతు చెప్పిన జోకుకి పగలబడి నవ్వారట. వెంటనే బస్తాల వెనక్కి వెళ్ళి నిలబడ్డారట, సిగ్గేసి.

అసలు ప్రశ్న చివరి పేజీలో ఉంది. “ఎందుకు బతకాలి అని అడగట్లేదు మేడమ్, అది పెద్ద చదువులవాళ్ళ ప్రశ్న. పొద్దున్నే నేను లేచేది దేనికి? పట్టీలు (రైతుకిచ్చే అమ్మకం లెక్క చీటీలు) రాయడానికైతే నేను లేకపోయినా ఎవరో ఒకరు రాస్తారు.” కింద సంతకం ఉండాల్సిన చోట “ఒకప్పటి నాన్న” అని ఉంది.

*

మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన వాక్యం ఇవేవీ కాదు. ఏడో పేజీలో బ్రాకెట్లో పెట్టారు: (బీపీ మాత్రలు సంక్రాంతి నుంచి మానేశాను, పెద్ద తేడా ఏం లేదు). దాని కింద రెండు లైన్ల తర్వాత, “చచ్చిపోవాలని లేదు, రాత్రి పడుకుని లేవకపోయినా ఫరవాలేదనిపిస్తుంది” అన్నారు. ఈ రెంటినీ మీరు వేర్వేరు పద్దులుగా రాసుకున్నారు. నాకు ఒకే పద్దులా కనిపిస్తున్నాయి.

బీపీ మందు మానేస్తే చాలామందికి ఏ తేడా తెలియదు. తెలిసేది ఏదో ఒక పొద్దున కుడిచెయ్యి లేవనప్పుడు. అది మీరు ఊహించుకుంటున్న నిద్రలాంటిది కాదు. ఏళ్ళ తరబడి మంచం, ఎవరో తినిపించాలి, ఆ ఎవరో మీ అక్కే అవుతుంది. అందుకని మిగతాదంతా చదివేముందు ఒక పని చెయ్యండి. పాత చీటీ పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళి, మానేసిన సంగతి దాచకుండా చెప్పి, మళ్ళీ మొదలుపెట్టించుకోండి. సొంతంగా పాత మోతాదు వేసేసుకోకండి, ఇన్ని నెలల తర్వాత మార్చాల్సి రావచ్చు.

ఆ డాక్టరుకే రెండో వాక్యం కూడా చెప్పండి. నోటితో చెప్పలేకపోతే నాకు రాసినట్టే కాగితం మీద రాసివ్వండి, మీ దస్తూరీ బాగుంటుంది. ఆప్తులు పోయాక ఎంతకీ తీవ్రత తగ్గని, మనిషిని రోజువారీ పనుల్లోంచి లాగేసే శోకాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి అమల్లో ఉన్న జబ్బుల జాబితాలో విడిగా చేర్చింది. దానికి మాటలతో చేసే చికిత్స ఉంది. మీకున్నది అదేనని నేను ఇక్కణ్ణుంచి చెప్పలేను, చూసిన మానసిక వైద్యులే చెప్పాలి. గుంటూరులో వాళ్ళకు కొదవ లేదు, జనరల్ ఆసుపత్రిలో ఆ విభాగమే ఉంది. బయటికి కదలబుద్ధి కాని రాత్రి 14416కు ఫోన్ చెయ్యండి. టెలి మానస్ అంటారు, 2022లో కేంద్రం మొదలుపెట్టింది. డబ్బు అడగరు, ఏ వేళైనా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. ఆ “ఫరవాలేదు” అన్నది ఎప్పుడైనా “ఎలా” అనే దాకా వస్తే మాత్రం ఆ రాత్రి ఇంట్లో ఒంటరిగా ఉండొద్దు. పక్కింటి తలుపు కొట్టండి, లేదా తిన్నగా ఆసుపత్రికి వెళ్ళండి. నిద్ర చెడగొట్టారని ఎవరూ అనుకోరు. అనుకున్నా అనుకోనివ్వండి.

మెట్ల సంగతి తొందరగా తేల్చేస్తాను. ఆ అయిదింటినీ 1969లో ఎలిజబెత్ కూబ్లర్ రాస్ అనే వైద్యురాలు రాసింది, చావు దగ్గరపడిన రోగులతో మాట్లాడి. పోయేవాళ్ళ గురించి చెప్పిందాన్ని తర్వాత మిగిలిపోయినవాళ్ళకీ తగిలించేశారు. మీరు ఏ మెట్టు మీదా లేరు. మీకు పనికొచ్చేది ఇంకొకటుంది. 1999లో నెదర్లాండ్స్‌కు చెందిన ఇద్దరు పరిశోధకులు, దుఃఖంలో ఉన్న మనిషి ఒక పూట పోయినవాళ్ళ వైపూ ఒక పూట మిగిలిన బతుకు వైపూ అటూ ఇటూ తిరుగుతుంటాడనీ, ఆ తిరగడమే తట్టుకునే పద్ధతనీ చెప్పారు. రైతు జోకుకి నవ్వడం ఇటువైపు. బస్తాల వెనక నిలబడటం అటువైపు. పది నిమిషాల్లో రెండూ అయ్యాయి. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఆ జోకేమిటో రాయనందుకు మాత్రం నాకు కాస్త కోపంగా ఉంది.

ఇక మీరు మూడు పేజీల్లో మూడు రకాలుగా రాసిన మాట: “జబ్బు ఇంటికి తెచ్చింది నేనే.”

అలా అనుకోకండి అని అందరూ అనే ఉంటారు, మీకు ఉపయోగపడి ఉండదు. నేనూ అదే చెబితే ఆ పేజీ మడిచి పక్కన పెట్టేస్తారు. కాబట్టి మీ లెక్కే ఒప్పుకుందాం. ముందు జ్వరం మీకే వచ్చింది, సీజన్లో యార్డు కిక్కిరిసి ఉంటుంది, తెచ్చింది మీరే అయ్యుండొచ్చు. కాకపోవచ్చు కూడా, ఆ నెలలో పాల ప్యాకెట్టుకి వెళ్ళినవాళ్ళూ తెచ్చారు. ఎప్పటికీ తేలదు. తేలని పద్దుని మీ పేరన ఖర్చు రాసేసి నాలుగేళ్ళకు పైగా వడ్డీ కడుతున్నారు. సరే, మీరే తెచ్చారనుకుందాం. అప్పుడు ఇంటికి తెచ్చింది ఏమిటి? ఆ నెల జీతం. బియ్యం. అమ్మాయి కాలేజీ ఫీజు. వాటితోపాటు కంటికి కనబడనిదొకటి ఒంటిమీద ఎక్కి వచ్చింది. ఘాటైతే చొక్కా విప్పి వరండాలో పెట్టేవారు. దానికి వాసన లేదు. తెలిసి చేసినదానికీ తెలియక మోసినదానికీ తేడా ఉందని మీకూ తెలుసు. తూకంలో తేడా వస్తే హమాలీ మీద నేరం వెయ్యరు కదా.

ఆ బాధ దీనితో పోదు. పోవాలనీ నేననను. కాకపోతే ఆ మాటను “నేను చంపాను” అనే రూపంలో మోస్తున్నారు, “నా ద్వారా వచ్చి ఉండొచ్చు” అనే రూపంలో మోయండి. బరువు అంతే అనిపించొచ్చు. రెండోదానితో మాత్రలు వేసుకోవచ్చు, మొదటిదానితో వేసుకోబుద్ధి కాదు.

ఇప్పుడు మీ ప్రశ్న. పొద్దున్నే లేచేది దేనికి?

పదకొండు పేజీలూ మళ్ళీ చదివాను. వాళ్ళు పోయాక ప్రేమ లేదని మీరు ఎక్కడా రాయలేదు. ప్రేమ మీ దగ్గరే ఉంది, ఎక్కువైపోయి ఉంది. మీరు రాసినవన్నీ వేరు. చొక్కా విప్పమనేవాళ్ళు లేరు. తుమ్మేవాళ్ళు లేరు. ఆరింటికి మాత్ర అందుకునే చెయ్యి లేదు. “ఎనిమిదైంది, ఇంకా రాలేదేంటి” అని ఫోన్ చేసేవాళ్ళు లేరు. భార్యాబిడ్డలు పోయిన రెండేళ్ళూ మీరు కుప్పకూలలేదు, గమనించారా? అప్పుడూ దుఃఖం ఇంతే ఉంది. ఆరింటికి అమ్మ మాత్ర ఉంది. మీరు అర్థం అంటున్నది ఎక్కడో పైన కూర్చుని లేదని నాకనిపిస్తుంది. మీరు ఆలస్యమైతే ఎవరికో తేడా పడటంలో ఉంది.

విజయవాడ సత్యనారాయణపురంలో మా అపార్ట్‌మెంట్లో ఒక మామ్మగారుండేవారు. ఇద్దరు కొడుకులూ ఆవిడ కళ్ళముందే పోయారు, కోడళ్ళు పుట్టిళ్ళకు వెళ్ళిపోయారు. ఆవిడ పూజలు చేసేది కాదు, ఆశ్రమాలకు వెళ్ళేది కాదు. గోడకు మేకులు కొట్టించి మా పద్నాలుగు ఫ్లాట్ల తాళంచెవులూ తగిలించుకునేది. ఉద్యోగాలకు వెళ్ళేవాళ్ళం ఆవిడకిచ్చి వెళ్ళేవాళ్ళం, బడి నుంచి వచ్చిన పిల్లలు ఆవిడ దగ్గర తీసుకునేవాళ్ళు. మూడున్నరకి ఇంట్లో ఉండి తీరాలి కాబట్టి ఏ పేరంటానికి వెళ్ళినా మధ్యలో లేచి వచ్చేసేది. “నాకు కుదరదమ్మా, తాళాలున్నాయి” అనేది, కలెక్టరుకు మీటింగున్నట్టు. నేను అడగలేదు గానీ, అడిగితే తన బతుక్కి అర్థం ఉందో లేదో ఆవిడ చెప్పలేకపోయేదేమో. మూడున్నరకి పనుంది, అంతే.

మీ దగ్గరా ఒక మేకు ఉంది. నాలుగో పేజీలో ఏదో మాటవరసకి రాశారు: పట్టీ రాశాక రైతును పక్కన కూర్చోబెట్టి కమీషన్ ఎంత పోయింది, హమాలీ ఎంత, తూకం ఎంత అని చదివి చెబుతారనీ, పల్నాడు నుంచి వచ్చే ఒకాయన మీరు లేని రోజు పట్టీ తీసుకోకుండా “లెక్కలాయన రానీ” అని కూర్చున్నాడనీ. చివరి పేజీకి వచ్చేసరికి అది మర్చిపోయి, నేను లేకపోయినా ఎవరో ఒకరు రాస్తారన్నారు. రాస్తారు. చదివి చెప్పరు. మీకోసం బెంచీ మీద కూర్చున్న మనిషి సంగతి మీ చేత్తోనే రాసి, నాకోసం ఎవరూ లేరని మీరే తేల్చేశారు.

అలాగని ఇవాళే లేచి సేవ మొదలుపెట్టమనను. నాలుగు దారులున్నాయి. ఏది పట్టినా ఏమవుతుందో నాకు తోచినంత చెబుతాను.

అక్క దగ్గరికి వెళ్ళడం. ఆవిడ మాటలో ప్రేమ ఉంది, అందులో అనుమానం లేదు. వేళకు అన్నం, ఒంట్లో బాగాలేకపోతే చూసే మనిషి ఉంటారు, ఇది చిన్న సంగతి కాదు. అయితే ఎనిమిదింటికి అందరూ ఆఫీసులకూ కాలేజీలకూ వెళ్ళాక హాల్లో సోఫా మీద మీరుంటారు. లైను నంబరూ అడ్డరోడ్డు నంబరూ చెబితే ఎవరిల్లో చెప్పగలిగే ఊరు మీది. మీ టిఫిన్ బండి ఆవిడకి మీ అమ్మాయి పేరు తెలుసని రాశారు. హైదరాబాదులో మీ అమ్మాయిని చూసినవాళ్ళు ఒక్క కుటుంబమే. ఆ లోటు మొదటి రెండు నెలలు తెలియదు, తర్వాత తెలుస్తుంది. వెళ్ళాలనిపిస్తే వెళ్ళండి, ఇల్లు మాత్రం కనీసం ఏడాదిపాటు అమ్మకండి. ఈ రేట్లలో మళ్ళీ ఆ పేటలో కొనలేరు. దుఃఖంలో చేసిన రిజిస్ట్రేషన్ దుఃఖం తగ్గాక రద్దు కాదు.

తెనాలి సంబంధం. దీన్ని చూస్తే మీకు కోపమొచ్చింది, “అక్క పోయిన నాలుగేళ్ళకే మర్చిపోయాడు” అన్నారు. నాకు వేరేలా కనిపిస్తోంది. అక్కే లేనప్పుడు బావతో ఆయనకున్న చుట్టరికం తెగిపోవచ్చు. తెగకుండా పట్టుకోవడానికి ఆయనకు తోచిన దారి ఇదేమో. ఒప్పుకోమనను, కోపం మాత్రం దించుకోండి. ఇక పెళ్ళి మాటకొస్తే, వండిపెట్టే మనిషి కోసమైతే వద్దు, క్యారియర్ చౌక. ఆవిడా పోగొట్టుకున్న మనిషే, ఒక ఇంట్లో రెండు దుఃఖాలు పడతాయో లేదో చూడాలి. కలిసినప్పుడు జీతాలూ జాతకాలూ కాకుండా, మీ ఆయన ఫోటో ఎక్కడ పెట్టుకుందామనుకుంటున్నారు అని అడగండి. ఆవిడ కూడా మిమ్మల్ని అదే అడగగలిగితే మాట ముందుకు సాగనివ్వచ్చు. పద్నాలుగేళ్ళ కుర్రాడు మిమ్మల్ని నాన్న అనడు, అనాలనుకోవద్దు. చట్టం సంగతి కూడా ఒకటుంది. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం మీ ఆస్తికి భార్య వారసురాలవుతుంది, ఆమె మొదటి పెళ్ళి కొడుకు కాడు. దత్తతో వీలునామానో ఉంటేనే వాడికేమైనా వస్తుంది. ఈ ముక్క ముందే మాట్లాడుకోకపోతే తర్వాత మీ అక్క ఒక వైపు, ఆవిడ పుట్టింటివాళ్ళు ఒక వైపు చేరతారు. ఎవరు ఎంత తొందరపెట్టినా ఇంకొక మే నెల గడిచేదాకా ముహూర్తం పెట్టించకండి.

ఆడపిల్లను పెంచుకోమన్న పెద్దమనిషికి రూల్సు తెలియవు. ప్రభుత్వ దత్తత సంస్థల ద్వారా ఒంటరి మగవాడికి ఆడపిల్లను దత్తత ఇవ్వరు. మీ వయసుకు ఎనిమిదేళ్ళు దాటిన మగపిల్లలనే ఇస్తారు. రూల్సు పక్కన పెట్టినా, ఇప్పుడు వద్దు. వచ్చే పిల్లాడికి తన చరిత్ర తనకుంటుంది, మీ అమ్మాయి ఖాళీ చేసిన కొలత వాడికి సరిపోదు. వాడు సరిపోలేదని మీకు అనిపిస్తుంది, అనిపించిందని వాడికి తెలిసిపోతుంది.

నాలుగోది, ఉన్నచోటే ఉండి ఇంటిని కాస్త మార్చడం. పై పోర్షన్ మూడేళ్ళుగా ఖాళీగా ఉందన్నారు. అద్దె తక్కువైనా ఫరవాలేదనుకుని చిన్న పిల్లలున్న కుటుంబానికివ్వండి. చదువుకునే ఆడపిల్లలకివ్వాలని మనసు లాగవచ్చు. పంతొమ్మిదేళ్ళ పిల్లలు పొద్దునా సాయంత్రం మీ మెట్లమీద చెప్పుల చప్పుడు చేస్తూ ఎక్కుతుంటే భరించగలరా లేదా అన్నది ముందు చూసుకోండి. కొందరికి అది ఊరట, కొందరికి నరకం. అద్దెకున్నవాళ్ళు ఏదో ఒక రోజు ఖాళీ చేసి వెళ్ళిపోతారు, ఆ రోజు మళ్ళీ గుచ్చుకుంటుంది. అదీ లెక్కలో వేసుకోండి.

శని, ఆదివారాలు యార్డుకి సెలవు, ఆ రెండు రోజులే మింగేస్తున్నాయన్నారు. వాటికి మీ చేతిరాత పెట్టండి. పింఛను దరఖాస్తు, బ్యాంకు ఫారం, బీమా క్లెయిము, ఇవి నింపలేక నిలబడిపోయేవాళ్ళు ఏ వీధిలోనైనా ఉంటారు. మీ అరుగు మీద ఆదివారం పదింటి నుంచి పన్నెండింటి దాకా రాసిపెడతానని ఇద్దరికి చెబితే చాలు, మిగతాది గుంటూరే చూసుకుంటుంది. వేళ ముఖ్యం. ఎప్పుడైనా రండి అంటే ఎవరూ రారు, మీరూ ఉండరు. పదింటికి అంటే తొమ్మిదిన్నరకి చొక్కా మార్చుకోవాలి. ఆసుపత్రిలో రోగుల వెంట వచ్చేవాళ్ళకు సాయం చేద్దామన్న ఆలోచన కూడా రాశారు, మంచిదే. మొదటి ఏడాది వద్దు. ఆ వాసన, ఆ స్ట్రెచర్ చక్రాల చప్పుడు మీకు ఇంకా 2021 లోనే ఉన్నాయి.

మే నెల గురించి విడిగా చెప్పాలి, మీరు గమనించినట్టు లేదు. ప్రతి ఏడూ మే రెండో వారం ప్రాంతంలో మిర్చి యార్డుకి వేసవి సెలవులిస్తారు, ఇంచుమించు నెల రోజులు. సరిగ్గా వాళ్ళిద్దరూ పోయిన తేదీలు వచ్చే రోజులు. అంటే అన్నిటికన్నా బరువైన నెలలో మీకు పని లేదు, “లెక్కలాయన రానీ” అనే రైతు లేడు, బయట నలభై దాటిన ఎండ. ప్రతి వేసవీ మళ్ళీ మొదటికొస్తున్నాను అని బాధపడ్డారు. మొదటికి రావడం లేదు, యార్డు మూస్తున్నారు. అక్క పిలుపును ఈ నెలకు వాడుకోండి. సెలవులివ్వగానే టికెట్ తీసి హైదరాబాదు వెళ్ళి, యార్డు తెరిచేముందు తిరిగి రండి. వాళ్ళు పోయిన రోజున ఒక్కరే ఉండొద్దు. బావమరిదిని రమ్మనండి, ఆయనకూ అది అక్క పోయిన రోజే.

ముఖాలు చూడలేదన్న బాధకి నా దగ్గర మందు లేదు. కూతురికి తండ్రి తద్దినం పెట్టే పద్ధతి లేదని పురోహితుడు అన్నాడట, ఆ మాట మిమ్మల్ని కోసేసింది. 2016 కృష్ణా పుష్కరాలకి ముగ్గురూ అమరావతి ఘాట్‌కి వెళ్ళామనీ, అమ్మాయి చెప్పు ఒకటి నీళ్ళలో కొట్టుకుపోతే ఇంకోటి కూడా విసిరేసిందనీ రాశారు కదా. మళ్ళీ పుష్కరాలు 2028లో. పుష్కరాల్లో చుట్టాలూ స్నేహితులూ ఎవరి పేరు తలుచుకునైనా పిండం పెట్టే ఆచారం ఉంది, అక్కడ తండ్రి కూతురికి పెట్టకూడదని ఎవరూ ఆపరు. నమ్మకం ఉంటే అదే ఘాట్‌కి వెళ్ళండి. లేకపోతే నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని రండి.

ఫోన్ రీచార్జ్ మానక్కర్లేదు. ఎవరి సొమ్మూ పోలేదు, ఆ కుర్రాడు ఎలా చూస్తే ఏం. కానీ నంబరు కన్నా ముందు కాపాడాల్సింది అందులోని గొంతు. వాట్సాప్‌ను చాలాకాలం వాడకుండా వదిలేస్తే, నూట ఇరవై రోజుల తర్వాత ఖాతా తీసేస్తారు. ఫోన్ పాతబడి ఒక రోజు ఆన్ కాకపోవచ్చు కూడా. నమ్మకమైన మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని, ఫోటోలూ వాయిస్ మెసేజ్‌లూ రెండు పెన్‌డ్రైవుల్లోకి ఎక్కించుకోండి. ఒకటి అక్క దగ్గర ఉంచండి. ఇప్పుడే వినక్కర్లేదు.

ఆ లక్ష అలా ఉండనివ్వండి, ముట్టుకోకపోవడమూ ఒక నిర్ణయమే. ఎప్పుడైనా మనసు మారితే ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసి, వచ్చే వడ్డీతో ఏడాదికి ఒక అమ్మాయి పరీక్ష ఫీజూ పుస్తకాలూ చూడొచ్చు. ఉన్నవ దంపతులు 1922లోనే ఆడపిల్లల కోసం శారదా నికేతనం పెట్టిన ఊరు మీది, ఫీజు కట్టలేని పిల్ల కోసం దూరం వెళ్ళక్కర్లేదు. ఆ పిల్లకి మీ కథ చెప్పకండి. చదువుకునే పిల్లకి రసీదు చాలు, బరువు వద్దు.

సంతకం గురించి ఒక్క మాట. 19 ఏళ్ళు చేసిన పనిని “ఒకప్పటి” అని ఎలా కొట్టేశారు? కొట్టివేతలు లేని దస్తూరీ అనుకున్నాను, అక్కడొక్కచోటే ఉంది. తర్వాతి ఉత్తరంలో సరిచేసి పంపండి. మాత్రలు మొదలుపెట్టారా, పైపోర్షన్ సంగతేం చేశారు, ఆదివారం అరుగు మీదికి ఎవరైనా వచ్చారా, యార్డు మూసిన రోజు ఏ బస్సెక్కారు, ఇవి కూడా రాయండి. జూన్ పదిహేను దాకా చూస్తాను. అప్పటికీ రాకపోతే పేరు చెప్పకుండా ఇక్కడే అడుగుతాను, గుంటూరు లెక్కలాయన ఉత్తరం ఇంకా రాలేదేంటని.